కొబ్బరినూనె పేరుకున్న వేళ

"తాతయ్యా, ఈ సీసాలోంచి నూనె రావట్లేదు!"

మా మనవరాలు కొబ్బరినూనె సీసాని తలకిందులు చేసి అరచేతిలో దబదబా కొడుతోంది. డిసెంబరు ఆఖరు, ధనుర్మాసపు పొద్దు. రాజమండ్రి ఇన్నీసుపేటలో మా ఇల్లు. గోదావరి మీంచి లేచిన మంచు ఎదురింటి డాబాని మింగేసింది. పాలవాడి సైకిలు బెల్లు వినపడుతోంది గానీ మనిషి కనపడట్లేదు. వంటింట్లోంచి వాళ్ళ అమ్మమ్మ, "పేరుకుందే. పొయ్యి పక్కన పెట్టు, అదే కరుగుతుంది" అంది.

పిల్ల జనవరిలో బోస్టన్ వెళ్తోంది, పై చదువుకి. హాల్లో రెండు పెట్టెలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఒకదాంట్లో ఆవకాయ, కందిపొడి, ఆత్రేయపురం పూతరేకులు. ఇంకోదాంట్లో స్వెట్టర్లు. వాటి మీద వాళ్ళ అమ్మమ్మ నిన్న కొనుక్కొచ్చిన ముదురు గోధుమరంగు మంకీ క్యాపు. పిల్ల దాన్ని తీసి సోఫా మీద పడేస్తుంది, ఆవిడ మళ్ళీ తెచ్చి పెట్టెలో పెడుతుంది. పొద్దుట్నించీ మూడుసార్లయింది.

"అక్కడ చలికి అలవాటు పడ్డానికి ఎన్నాళ్ళు పడుతుంది తాతయ్యా?"

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి. దొరక్క దొరక్క ప్రశ్న దొరికితే వదుల్తానా? "ముందు ఆ సీసా ఇలా తే" అన్నాను.

కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. అంచేత మన గోదావరి జిల్లాల ఇళ్ళలో థర్మామీటరు అక్కర్లేదు, అలమరలో సీసా చూస్తే చాలు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలా ఉంటుంది, సంక్రాంతి ముందు కొన్నాళ్ళు వెన్నలా ఉంటుంది. మన చలికాలమంటే అంతే. తెల్లారగట్ట మహా అయితే 18కో 19కో దిగుతుంది. దానికే మనకి మఫ్లర్లు, భోగిమంటలు, దగ్గులు. బోస్టన్‌లో జనవరి రాత్రి మామూలుగా మైనస్ 5 ఉంటుంది. ఇళ్ళలో హీటరు వేసుకుని 20, 21 దగ్గర పెట్టుకుంటారు. అంటే వాళ్ళు కష్టపడి డబ్బు పోసి ఇంట్లోకి తెచ్చుకునేది మన సంక్రాంతి చలి అన్నమాట. నాలుగేళ్ళ కిందట మా అబ్బాయి దగ్గర అక్కడ ఒక చలికాలం గడిపొచ్చాను. నవంబర్లో పేరుకున్న నూనె నేను తిరుగు ప్రయాణం కట్టేదాకా మళ్ళీ నూనె కాలేదు. చెంచాతో తవ్వుకుని రాసుకునేవాణ్ణి.

అసలు మన భాషలోనే ఉంది చూడండి. కాలవ, బోదె, తూము, లాకు, డ్రెయిను, మడుగు, చిత్తడి, ఊట... నీటికి ఎన్ని మాటలున్నాయో. అదే మంచుకి వచ్చేసరికి ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం. మినపచేలో ఆకు మీద పొద్దున్నే మెరిసే తడీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మే పొగా మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. మా అబ్బాయి వెళ్ళిన కొత్తలో ఫోన్ చేసి "మంచు పడిందమ్మా" అంటే, మా ఆవిడ "తలకి గుడ్డ కట్టుకో, జలుబు చేస్తుంది" అంది. వాడు మోకాలి లోతు మంచులో కారు వెతుక్కుంటున్నాడని మాకేం తెలుసు!

సరే, ప్రశ్నకి వద్దాం. మనిషి ఊరికే కూర్చున్నా ఒంట్లో దాదాపు 100 వాట్ల బల్బంత వేడి పుడుతూనే ఉంటుంది. పెళ్ళిపందిట్లో రెండొందలమంది చేరితే ఎందుకలా ఉడికిపోతామో తెలిసిందా? లోపల 37 డిగ్రీలు ఉండాలి. బయట ఎండగా ఉంటే ఆ వేడిని వదిలించుకోవడం ఒంటికి పని, బయట చలిగా ఉంటే దాచుకోవడం పని. మొదటి పనిలో మనిషి దిట్ట. రోహిణికార్తెలో పది పద్నాలుగు రోజులు పొలంలో తిరిగితే చెమట ముందుగా పడుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు కూడా తగ్గుతుంది. అది నిజమైన అలవాటు. రెండో పనిలో మాత్రం అంత నేర్పు లేదు. మనిషి పుట్టింది ఆఫ్రికా ఎండల్లో కదా.

"అయితే చలి వేస్తే ఒళ్ళేం చేస్తుంది?" అంది పిల్ల.

కాలవలు కట్టేస్తుంది. మన డెల్టాలో ఏటా వేసవిలో గోదావరి కాలవలు కట్టేస్తారు చూడు, అచ్చంగా అదే. చర్మం కింద నెత్తురు పారే సన్నటి నాళాలు ముడుచుకుపోతాయి. నెత్తురంతా గుండె, కాలేయం, మెదడు చుట్టూ తిరుగుతుంది. కాలవలు కట్టేస్తే ముందు ఎండేది ఎవరు? శివారు రైతు. ఒంటికి శివారు ఆయకట్టు అంటే వేళ్ళు, చెవులు, ముక్కు కొస. అందుకే ముందు అవే తిమ్మిరెక్కుతాయి. అలా మధ్యకి చేరిన నెత్తుర్ని చూసి మూత్రపిండాలు ఎగువనించి వరదొచ్చిందనుకుని గేట్లెత్తేస్తాయి. చలికాలంలో ఊరికే ఒంటేలుకి లేవడం అందుకే. ఇది నా వయసువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

శివారు మరీ ఎండిపోకుండా దాళ్వాలో వంతులు వేస్తారు కదా, ఒళ్ళూ అదే చేస్తుంది. 1930లో లండన్‌లో థామస్ లూయిస్ అనే వైద్యుడు ఐసు నీళ్ళలో వేళ్ళు ముంచి కొలుస్తూ కూర్చున్నాడు. కొన్ని నిమిషాలు వేలు చల్లబడి పాలిపోయింది, తరవాత దానంతటదే ఎర్రబడి వెచ్చబడింది, మళ్ళీ చల్లబడింది. నాళాలు వంతులవారీగా తెరుచుకుంటున్నాయన్నమాట. కెనడాలో గాస్పే తీరంలో ఏళ్ళ తరబడి చన్నీళ్ళలో వలలు లాగే జాలర్ల చేతుల్ని పరీక్షిస్తే, చల్లటి నీళ్ళలో వాళ్ళ వేళ్ళు మామూలువాళ్ళ వేళ్ళకంటే వెచ్చగా ఉన్నాయి. వాళ్ళకి వంతు నీళ్ళు ఎక్కువన్నమాట. అదీ నిఖార్సయిన అలవాటే, కాకపోతే చేతుల వరకే.

కాలవలు కట్టేసినా చాలకపోతే రెండో ఉపాయం వణుకు. ఇక్కడ మన భీమవరం మనిషి కథలోకొస్తాడు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరిలో భీమవరంలో పుట్టారు, కొన్నాళ్ళు ఈ రాజమండ్రిలోనే చదువుకున్నారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళినందుకు ప్రొఫెసరు దొరగారికి కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు అంతకంటే చిన్నదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. 1920ల తొలిరోజుల్లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో చేరారు. చదువుకుంటూనే పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రి కూలీగా రోగుల మలమూత్రాల పాత్రలు మోశారు. ఆయన ఆ మొదటి చలికాలం ఎలా నెగ్గుకొచ్చారో అని బోస్టన్‌లో చార్ల్స్ నది గట్టున నడుస్తూ చాలాసార్లు అనుకున్నాను. ఖద్దరు కోటు మాత్రం అక్కడ అక్కరకొచ్చి ఉండదు.

సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1927లో కండరాల్లో క్రియాటిన్ ఫాస్ఫేటుని, 1929లో ఏటీపీని బయటపెట్టారు. ఏటీపీని అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనిపెట్టాడు. ఏటీపీ అంటే ఒంట్లో కణాలు ఖర్చుపెట్టుకునే చిల్లర. తిన్న అన్నం పెద్ద నోటు, దాన్ని మార్చుకుంటే గానీ ఏ కణమూ పుచ్చుకోదు. ఆ చిల్లర అయిపోతే చటుక్కున చేబదులిచ్చే పొరుగిల్లు క్రియాటిన్ ఫాస్ఫేటు. కండరం పనిచేస్తే ఆ ఖర్చులో నాలుగో వంతు కూడా పనికి పోదు, మిగతాదంతా వేడే. వణుకులో అసలు పనే లేదు గదా, బరువెత్తేది లేదు, నడిచేది లేదు. ఖర్చంతా వేడికే జమ. గట్టిగా వణికితే ఒంట్లో పుట్టే వేడి అయిదింతల దాకా పెరుగుతుంది. అంటే 100 వాట్ల బల్బు కాస్తా చిన్నపాటి హీటరవుతుంది. దంతాలు టకటకమంటే సిగ్గుపడక్కర్లేదు, సుబ్బారావుగారి ఏటీపీ పనిచేస్తోందని అర్థం.

"వణకడం ఎంతసేపని తాతయ్యా? చదువుకోవద్దూ?"

అదుగో, మూడోది ఉంది. ధవళేశ్వరం ఎప్పుడైనా సరిగ్గా చూశావా? 1847లో మొదలెట్టి 1852కల్లా కాటన్ దొర ఆనకట్ట కట్టాడు. నీరు ఎత్తున నిలబడితే ఆ ఎత్తులో శక్తి ఉంటుంది. కణంలో మైటోకాండ్రియా అనే బుల్లి సంచులుంటాయి. అవి తిన్న తిండి శక్తితో ప్రోటాన్లని తోడి ఒక గోడకి అవతల నిలబెడతాయి, ఆనకట్ట వెనక నీళ్ళలాగ. ఆ ప్రోటాన్లు కిందికి దూకే దారిలో ఓ మరని తిప్పుతాయి, ఆ మర ఏటీపీని తయారుచేస్తుంది. మామూలు కణం లెక్క ఇది. గోధుమరంగు కొవ్వని ఒకటుంది, అందులో ఈ గోడకి దొంగ తూము ఉంటుంది. చలి తగలగానే తూము తెరుచుకుంటుంది. నీళ్ళు మర దగ్గరికి పోకుండా పక్కనించి ధడేలున పడిపోతాయి. ఏటీపీ తయారవదు, శక్తంతా వేడిగా మారిపోతుంది. కాలవ మీద దొంగ తూము పెట్టిన రైతు మీద కేసు పెడతారు, కొవ్వులో పెడితే ప్రాణం నిలుస్తుంది.

చంటిపిల్లలు వణకలేరు. వాళ్ళకి మెడ చుట్టూ, భుజాల వెనక ఈ కొవ్వు దండిగా ఉంటుంది. మన పురిటిగదిలో కుంపటి పెట్టేవారు కదా, ఆ కొవ్వుకి సాయమన్నమాట. పెద్దయ్యాక అది పోతుందనే మేము క్లాసులో చెప్పాం, పాఠ్యపుస్తకంలో అలాగే ఉండేది. 2009లో ఒకే పత్రికలో మూడు బృందాలు పెద్దవాళ్ళకీ ఉందని చూపించాయి. నెదర్లాండ్స్‌లో 2013లో కొందర్ని పది రోజులపాటు రోజుకి ఆరు గంటలు 15, 16 డిగ్రీల గదిలో కూర్చోబెడితే, ఈ కొవ్వు చురుకు పెరిగింది, వణుకు తగ్గింది. నీ ప్రశ్నకి ఇదొక జవాబు, పది రోజులు.

అయితే మనవాళ్ళకో చిక్కుంది. 2014లో అదే దేశంలో లైడెన్‌లో దక్షిణాసియా మూలాలున్న 12 మంది కుర్రాళ్ళని, 12 మంది యూరపు కుర్రాళ్ళని పోల్చి చూశారు. మనవాళ్ళలో ఆ కొవ్వు తక్కువగా ఉంది, వాళ్ళకంటే ముందే వణికారు. 24 మంది లెక్కతో కోట్ల మందికి ముద్ర వేయకూడదు, అది నేనొప్పుకోను. కానీ నీ పక్కసీటు అమ్మాయి పొట్టి చొక్కాతో తిరుగుతుంటే నువ్వూ అలా తిరగాలని పంతం పట్టకు. దొంగ తూములు అందరికీ ఒకేలా ఉండవు.

ఇంకో ముచ్చట. 2015లో అదే బోస్టన్‌లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఎలుకల కొవ్వులో క్రియాటిన్ ఫాస్ఫేటుని ఊరికే కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం ద్వారా కూడా వేడి పుడుతోందని చెప్పారు. దాని మీద వాదన ఇంకా నడుస్తోంది. భీమవరం నించి వెళ్ళినాయన అదే ఊళ్ళో పట్టుకున్న పదార్థమే ఎనభై ఎనిమిదేళ్ళ తరవాత చలికాచుకునే కథలో మళ్ళీ తేలడం నాకు ముచ్చటగా ఉంది. ఆయన మాత్రం మళ్ళీ గోదావరి చూడలేదు. 1948లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో పోయారు.

ఇంతలో మా ఆవిడ కాఫీ తెచ్చి, "అవన్నీ సరేనండీ, అమ్మాయి ఏం కట్టుకోవాలో చెప్పండి ముందు" అంది. ఆవిడదే సరైన ప్రశ్న. ఎందుకంటే ఒళ్ళు నేర్చుకునేది ఇంతే, తక్కిందంతా బట్టా ఇల్లూ చూసుకోవాలి.

గదిలో మంచం మీద బొంత చూడు. మీ అమ్మమ్మ పాత చీరలు ఏడెనిమిది పొరలు వేసి కుట్టింది. వెచ్చదనం చీరలో లేదు, పొరల మధ్య చిక్కుకున్న గాలిలో ఉంది. కదలని గాలి వేడిని పోనివ్వదు. అందుకే ఒక లావుపాటి కోటు కంటే మూడు పలచటి పొరలు నయం. ఇక నూలు. బండారులంక నూలు చీరని మించిన బట్ట లేదంటారు, ఈ ఉక్కపోత ఊళ్ళో అది నిజం. చెమట పీల్చుకుని, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఆ గుణమే అక్కడ దోషం. బస్సు కోసం పరిగెత్తి చెమట పడితే నూలు బనియను తడిసి ఒంటికి అంటుకుని గంటసేపు చల్లబరుస్తూనే ఉంటుంది. ఒంటికి తగిలే పొర ఉన్నిది గానీ, చెమట నిలవనివ్వని రకంది గానీ ఉండాలి. పైపొర గాలి చొరబడనిది కావాలి. కాఫీ మీద ఎందుకు ఊదుతాం? పైనున్న వేడిగాలి పొరని తోసెయ్యడానికి. బయట మైనస్ 5 ఉండి గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్ 13. ఫోన్లో వాతావరణం చూసేటప్పుడు ఆ రెండో అంకె చూసుకో.

"తలలోంచే సగం వేడి పోతుందిట, అందుకే ఇది" అని మా ఆవిడ మంకీ క్యాపు నాలుగోసారి పెట్టెలో పెట్టింది. పాపం, ఆ సగం మాట ఉత్తిదే. తల విస్తీర్ణం ఒంట్లో పదో వంతు, పోయే వేడీ ఇంచుమించు అంతే. అయినా చెవులు శివారు ఆయకట్టు కాబట్టి టోపీ ఉండాల్సిందే. కారణం తప్పు, సలహా ఒప్పు. అమ్మమ్మల సలహాలు చాలావరకు ఇంతే.

నాకు అక్కడ చలికంటే ఎక్కువ చికాకు పెట్టింది పొడి గాలి. తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కుమని షాకు. పెదాలు చిట్లాయి. నిద్రలేస్తే గొంతు ఇసకతిన్నెలా ఉండేది. మనం గోదావరి ఆవిరిలో పుట్టి పెరిగినవాళ్ళం కదా. మైనస్ 10 దగ్గర ఘనపు మీటరు గాలి పట్టుకోగలిగిన నీటి ఆవిరి 2 గ్రాముల చిల్లర. అదే గాలిని ఇంట్లోకి తెచ్చి 21కి వేడిచేస్తే 18 గ్రాముల దాకా పట్టగలదు. ఉన్నది 2, దాహం 18కి. ఆ మిగతాది నీ పెదాల్లోంచి, ముక్కులోంచి, చర్మంలోంచి పీల్చుకుంటుంది. హీటరు దగ్గర గిన్నెడు నీళ్ళు పెట్టుకో, తడి తువ్వాలు గదిలోనే ఆరెయ్యి, దాహం వెయ్యకపోయినా నీళ్ళు తాగు. స్నానం చేసి ఒళ్ళు ఆరకముందే నూనె రాసుకో. చెంచాతో తవ్వాలి, చెప్పాగా.

దోసెల పిండి సంగతి మా కోడలు నేర్పింది. ఇక్కడ రాత్రి రుబ్బితే తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది. అక్కడ వంటగట్టు మీద పెడితే రెండో రోజుకీ చలనం ఉండదు. పిండి పులియబెట్టే సూక్ష్మజీవులకి 30 దగ్గర హుషారు, 20 దగ్గర బద్ధకం. ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి, పిండిగిన్నె అందులో పెట్టి తలుపు మూసేసింది మా కోడలు. ఆ బల్బు వేడికే పొద్దున్న పిండి మూతెత్తింది. పెరుగుదీ అదే మందు. ఆవేళ అట్టు తింటూ, ఓవెన్‌లో ఒక లీటరు రాజమండ్రి తయారైందనుకున్నాను.

ఎండ విషయం మాత్రం వేళాకోళం కాదు. మన ఊరు 17వ అక్షాంశం మీద ఉంది, చిన్న పగలు కూడా 11 గంటలుంటుంది. బోస్టన్ 42 మీద ఉంది. డిసెంబర్లో పగలు 9 గంటలు, సాయంత్రం నాలుగుంబావుకే చీకటి. నవంబరు నించి ఫిబ్రవరి దాకా అక్కడి ఎండ చర్మంలో విటమిన్ డి తయారుచెయ్యలేదని 1988లో బోస్టన్ శాస్త్రవేత్తలే తేల్చారు. మన చాయకి మామూలు రోజుల్లోనే ఎక్కువ ఎండ కావాలి. వెళ్ళగానే డాక్టరుని అడిగి రక్తపరీక్ష చేయించుకో. మధ్యాహ్నం కాసేపు బయట నడు, విటమిన్ కోసం కాకపోయినా మనసు కోసం. పెందరాళే చీకటి పడిపోతుంటే నాకూ మొదటి నెల ఏదోలా ఉండేది.

వాళ్ళ అమ్మమ్మ అమృతాంజనం డబ్బా తెచ్చి పెట్టెలో పడేసింది. చర్మంలో చలిని పసిగట్టే నరాల కొసల మీద ఒక తలుపుంటుంది, చల్లదనానికి తెరుచుకుంటుంది. ఈ డబ్బాలో ఉండే పుదీనా పువ్వుకీ (మెంథాల్) తెరుచుకుంటుంది, అందుకే నుదుటి మీద చల్లగా అనిపిస్తుంది. ఆ తలుపుని 2002లో విడివిడిగా పట్టుకున్న జూలియస్, పటపౌటియన్‌లకి ఉష్ణం, స్పర్శల మీద చేసిన పనికి 2021లో నోబెల్ వచ్చింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ డబ్బాని 1893లోనే అమ్మడం మొదలెట్టారు.

పిల్ల వెళ్ళి మూడు వారాలైంది. పిండి పులిసిందట, ఓవెన్ దీపం ఫొటో పంపింది. మంకీ క్యాపు పెట్టెలోంచి ఎప్పుడు తీసిందో గానీ సోఫా దిండు కింద దొరికింది. ఇవాళ పొద్దున్న బోస్టన్‌లో మైనస్ 6, రాజమండ్రిలో 19. క్యాపు నేనే పెట్టుకున్నాను.